ఫోనున్నచోట మనిషి యున్నట్లేనా?

కొంతకాలముగా హైదరాబాదు తూర్పుదిక్కున, ఉప్పల్ కూడలి మొదలు నాచారము పారిశ్రామికవాడ వరకు, కార్యాలయముల సమావేశములలోను, అపార్టుమెంటు సంఘముల వాదోపవాదములలోను, తుదకు టీకొట్ల బల్లలమీదను ఒకే అభిప్రాయము పదేపదే వినవచ్చుచున్నది. భవనములలో ఇదివరకే మూలమూలకు వైఫై పెట్టెలున్నవి. ప్రతివాని జేబులోను ఫోనున్నది. ఈ రెంటి నడుమ తరంగములు ఎడతెగక ప్రసరించుచునే యున్నవి. కావున ఆ తరంగముల బలాబలములను లెక్కగట్టినచో ఏ మనిషి ఏ అంతస్తున ఏ గదిలో నున్నాడో క్షణములో తెలిసిపోవును. అగ్నిప్రమాదము సంభవించిన వేళ అగ్నిమాపక సిబ్బంది పొగలో తడవుకొనక నేరుగా అతనియొద్దకే పోవచ్చును. ఇందుకు క్రొత్తగా కొనవలసినదేమియు లేదు. తప్పు చేయనివాడు దీనికి వెరవవలసిన పనియు లేదు. ఇదియే ఆ అభిప్రాయము.

దీనిని పలుకువారు మూర్ఖులు కారు. వారు చెప్పునదంతయు అసత్యమును కాదు. 2000వ సంవత్సరమున మైక్రోసాఫ్టు పరిశోధకులు పరంవీర్ బహల్, వేంకట పద్మనాభన్ గారలు ‘రాడార్’ అను పేర ఈ పద్ధతినే లోకమునకు చూపిరి. 2010లో అదే సంస్థ యొక్క భారతీయశాఖలో కృష్ణ చింతలపూడి ప్రభృతులు భవనమును ముందుగా కొలిచిపెట్టుకొనవలసిన శ్రమ లేకుండగనే ఆ పని నెరవేర్చు మార్గము నొకదానిని కనుగొనిరి. 2013లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఫాదెల్ అదీబ్, దీనా కతాబి గారలు గోడ కవతల కదలాడు మనిషిని వైఫై తరంగములతో పసిగట్టిరి. తరంగము పోయివచ్చు కాలమును కొలుచు ఏర్పాటు 2016 నాటి వైఫై ప్రమాణమున చేరినది. 2018లో ఆండ్రాయిడ్ దానిని స్వీకరించినది. ఇన్ని నిజముల నొకచోట పేర్చి, వానిమీద ఇన్ని అసంబద్ధములను కట్టుట సామాన్యమైన నేర్పు కాదు. ఆ కట్టడమును ఒక్కొక్క రాయిగా విప్పి చూతము.

ఒకటి. పట్టుబడునది పరికరము

“మనిషి ఎక్కడ నున్నాడో తెలియును” అను వాక్యమునందే మొదటి దోషము దాగియున్నది. వైఫై యంత్రమునకు తెలిసినది ఒకానొక ఫోను యొక్క సంఖ్యారూపమైన చిరునామా మాత్రమే. ఆ ఫోను ఎవనిదో, ఎవని చేతిలో నున్నదో, అసలు ఎవని చేతిలోనైన నున్నదో లేదో దానికి తెలియదు. ద్రావకములతో పని జరుగు రసాయన కర్మాగారములలో నిప్పురవ్వ భయముచేత ఫోనులను గేటువద్దనే తీసికొని పెట్టించు ఆచారము అనేక చోట్ల కలదు. అట్టి షెడ్డున నలుబదిమంది కూలీలు లోపల పనిలో నుండగా వారి ఫోనులన్నియు వాచ్‌మన్ గదిలోని డబ్బాలో సుఖముగా శయనించి యుండును. మన సర్వజ్ఞయంత్రము మాత్రము ఆ నలుబదిమందియు ఆరడుగుల గదిలో ఒకరిపై నొకరు నిలిచియున్నారని నిష్కర్షగా చెప్పును. రెండు ఫోనులు ధరించిన మేనేజరు దానికి ఇద్దరు మనుష్యులు. మీటల ఫోను తప్ప వేరొకటి కొనలేని కాంట్రాక్టు కూలీ దానికి శూన్యము. ప్రమాదము వచ్చినపుడు అందరికంటె ముందు ఎవరిని వెదకవలెనో వారే ఈ లెక్కలో లేనివారగుట యాదృచ్ఛికము కాదు, పద్ధతియందే యున్న పక్షపాతము.

ఇందు మరియొక విశేషము గమనింపదగినది. నెట్‌వర్కులో చేరని ఫోను తన అసలు చిరునామాను దాచి మారుపేర్లతో పలుకుట 2014లో ఆపిల్ వారితో మొదలైనది. పిదప ఆండ్రాయిడ్ ద్వారా ఆ అలవాటు సామాన్యుని ఫోనునకును సంక్రమించినది. దారినపోవు అపరిచితుడు, గోడ దూకివచ్చిన దొంగ, ఈ మారుపేర్ల మాటున తప్పించుకొనగలరు. యజమాని యిచ్చిన పాస్‌వర్డుతో, తన పేరిటనే, ప్రతిదినము నెట్‌వర్కులో చేరు ఉద్యోగి మాత్రము తప్పించుకొనలేడు. భద్రత యను పేర పెట్టిన కాపలా దొంగను విడిచి ఇంటివారినే పట్టునట్టిదైనపుడు, అది ఎవరి భద్రతకో అడుగుట అధికప్రసంగ మనిపించుకొనునా?

రెండు. తరంగబలము దూరము కాదు

ఈ విషయమున కొంచెము నిలువక తప్పదు. ఏలయన తక్కిన వాదమంతయు దీనిమీదనే నిలిచియున్నది.

అడ్డులేని ఆరుబయట దూరము రెట్టింపైనచో తరంగబలము నాలుగవ వంతుకు దిగును. ఈ సూత్రమును తలక్రిందుచేసి, బలము నాలుగవ వంతైనది గనుక దూరము రెట్టింపైనదని చెప్పుటయే లెక్కగట్టువారి ప్రథమసోపానము. కాని భవనాంతరము ఆరుబయలు కాదు. ఇండ్లలో వాడుకలో నున్న 2.4 గిగాహెర్ట్జ్ తరంగము పొడవు సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు. మానవదేహమున అధికభాగము నీరు. నీరు ఈ తరంగమును మ్రింగును. ఫోను పట్టుకొన్నవాడు పెట్టెవైపు ముఖము త్రిప్పి నిలిచినపుడు వచ్చిన బలము, వాడే వీపు త్రిప్పగానే నాలుగవ వంతునకు పడిపోవుట వింత గాదు. మనిషి అడుగైనను కదలలేదు. లెక్క మాత్రము అతనిని అయిదు మీటర్లనుండి పది మీటర్లకు నెట్టివేసినది. రాడార్ కర్తలు ఈ సంగతి నెరిగినవారే గనుక, 43.5 మీటర్ల పొడవు, 22.5 మీటర్ల వెడల్పు గల ఒక్క అంతస్తున డెబ్బదిచోట్ల, ఒక్కొక్కచోట నాలుగు దిక్కులకును తిరిగి నిలిచి, కొలతలు తీసిపెట్టుకొనిరి. ఇంత జాగ్రత్తకు ఫలితముగా వారికి లభించిన మధ్యమదోషము రెండుమూడు మీటర్లు. మధ్యమ మనగా, సగము పర్యాయములు దోషము అంతకంటె నెక్కువ యని యర్థము. ఆ సగమును గూర్చి మనవారి సమావేశములలో నెవరును మాటలాడరు.

అది శాంతముగా నడచు పరిశోధనాలయము. నాచారము షెడ్డు అట్టిది గాదు. పైన రేకులు, క్రింద ఇనుపపీపాలు, నడుమ నడచుచున్న యంత్రములు, కమ్మీలు నిండిన కాంక్రీటు స్తంభములు. తరంగము వీనిలో ప్రతిదానిని తాకి, ప్రతిదానినుండి మరలి, పది త్రోవలలో వచ్చి చేరును. పెట్టెకు దగ్గరగా నిలిచినవాని ఫోను పీపా చాటున క్షీణస్వరముతో పలుకును. దూరమున నున్నవాని ఫోను రేకుమీద ప్రతిఫలించి గంభీరముగా వినవచ్చును. కాలమును కొలిచినచో ఈ బాధ లేదందురు. తరంగము ఒక్క నానోసెకనులో ముప్పది సెంటీమీటర్లు పోవును; ఎదురెదుట నిలిచినపుడు ఒకటిరెండు మీటర్ల లోపుగా దూరము చెప్పగల మాటయు నిజమే. కాని నేరుగా రావలసిన తరంగము గోడలో ఇంకిపోయి, చుట్టుతిరిగి వచ్చినదే మొదటిదిగా చేరినపుడు ఆ గడియారము సూక్ష్మముగా తప్పు చెప్పును. పైగా ఈ ఏర్పాటు అటు పెట్టెలోను ఇటు ఫోనులోను రెండింటను ఉండవలెను.

ఉప్పల్‌లోనే సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణసంస్థ యున్నది. 1767లో పుట్టిన ఆ శాఖ మన దేశమును అంగుళమంగుళముగా కొలిచినది. దాని విద్యలో మొదట నేర్పు పాఠములలో నొకటి ప్లేన్‌టేబులు మీది దోషత్రిభుజము. తెలిసిన మూడు గురుతులనుండి మూడు రేఖలు గీచినపుడు అవి ఒక్క బిందువున కలియవలెను. బల్ల నిలిపిన దిక్కు సరిగా లేనిచో కలియక, నడుమ చిన్న త్రిభుజ మేర్పడును. ఆ త్రిభుజమును చూచి సర్వేయరు తాను నిలిచిన చోటు ఇంకను తెలియలేదని గ్రహించి, బల్లను సరిదిద్దుకొనును. వైఫై లెక్కయు ఇట్టిదే. మూడు పెట్టెలనుండి మూడు వృత్తములు గీయగా అవి ఏ బిందువునను కలియవు. నడుమ మిగులు ఖాళీ ఒక్కొక్కపుడు రెండు గదులంత యుండును. తేడా యేమనగా, సర్వేయరు తన త్రిభుజమును దాచుకొనడు. ఈ సాఫ్ట్‌వేరు దానిని తుడిచివేసి, దాని నడుమ ముచ్చటగా ఒక నీలిచుక్క పెట్టి, ఇదిగో మనిషి యనును. నా యింటి డాబామీద నిలిచి ఫోను చూచుకొన్నపుడెల్ల ఆ నీలిచుక్క వీధి కవతలి యింటి గేటువద్ద కూర్చుండి యుండుట నేను కొన్ని సంవత్సరములుగా చూచుచున్నాను. ఇప్పుడు దానిమీద కోపము కూడ పోయినది.

ఇక అంతస్తు మాట. మన యిండ్ల కప్పు ఎత్తు ఇంచుమించు మూడు మీటర్లు. మూడు మీటర్ల దోష మనగా ఒక అంతస్తు దోషము. అమెరికా ప్రభుత్వ సమాచారసంఘము అత్యవసరపు ఫోనుపిలుపుల విషయమున ఎత్తును మూడు మీటర్లలోపు చెప్పవలెనని కంపెనీలను శాసించునపుడు, అదియు నూటికి ఎనుబది పిలుపులకే శాసించినది. తక్కిన ఇరువదిమందికొరకు అగ్నిమాపకుడు ఏ అంతస్తు తలుపు పగులగొట్టవలెను?

మూడు. క్రొత్త ఖర్చు లేదను మాట

దీనికి చిన్న సమాధానము చాలును. కొలతలపట్టిక తయారుచేయుటకు మనుష్యులు గదిగదియు తిరుగవలెను, ఇనుపబీరువాను ఒక గోడనుండి మరియొక గోడకు జరిపిననాడు, క్రొత్త యంత్రము దింపిననాడు, ఆ పట్టిక పాతబడును, మరల తిరుగవలెను. ఈ తిరుగుడు తప్పించుటకే 2010 నాటి ప్రయత్నము జరిగినది. దాని ఫలితమును కర్తలే దాచక చెప్పిరి: మధ్యమదోషము చిన్నభవనమున 2 మీటర్లు, పెద్దభవనమున 7 మీటర్లు. ఖర్చు తగ్గిన మేర దోషము పెరిగినది. ఉచితముగా వచ్చునది ఏడు మీటర్ల చుక్క. ఏడు మీటర్లలో నాచారమున ఒక షెడ్డు ముగిసి వేరొకరి షెడ్డు మొదలగును.

నాలుగు. మంటల సాక్ష్యము

వీరి వాదమున కెల్ల హృదయస్థానము ప్రాణరక్షణ. దీనిని వినగానే ఎదుటివాడు నోరు మూసికొనవలెనని వారి యూహ. కాని మన నగరమున జరిగిన మంటలనే సాక్ష్యమునకు పిలిచి చూతము. 2022 మార్చి 23న భోయిగూడలోని పాతసామాను గోదాములో పదునొకండుగురు బీహారు కూలీలు చనిపోయిరి. వారు ఎక్కడ నుండిరో తెలియకపోవుట చేత చనిపోయినారా? వారు ప్రతిరాత్రియు పైభాగమున నిద్రించుచుండిరి, దిగుటకు ఇరుకైన ఇనుపమెట్ల దారి యొక్కటే యుండినది, ఆ దారి మంటలలో నుండినది. అదే సంవత్సరము సెప్టెంబరు 12న సికింద్రాబాదు రూబీ హోటలున ఎనిమిదిమంది పోయిరి. సెల్లారులోని విద్యుత్ స్కూటర్ల దుకాణమున పుట్టిన పొగ మెట్లదారినే పట్టుకొని పైకెక్కినది. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్సు అయిదవ అంతస్తున ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక ప్రాణములు విడిచిరి. వారు పనిచేయు కార్యాలయము ఏ అంతస్తున నున్నదో తెలియనివారు లేరు. 2025 మే 18న గుల్జార్ హౌజ్‌వద్ద పదునేడుగురు ఒకే యింటిలో పోయిరి; ఆ యింటికి దారి ఇరుకుదారి. ఈ నాలుగు మంటలలో ఏ యొక్కదానియందును చావునకు కారణము చోటు తెలియకపోవుట కాదు, దారి లేకపోవుట. తెలిసిన చోటినుండి మనిషిని దింపలేనివారికి ఇంకొక చుక్క నిచ్చి ఏమి ప్రయోజనము?

పాశమైలారము సంగతి వేరని వారనవచ్చును, కొంతవరకు అది న్యాయమే. 2025 జూన్ 30న అక్కడి సిగాచి కర్మాగారమున సంభవించిన విస్ఫోటనమున యాబదినలుగురు మరణించిరి. వారిలో ఎనిమిదిమంది దేహములు సైతము దొరకలేదు. లోపల నున్న వారెవరు అను ప్రశ్నకు విలువ యెంతయో ఆ కుటుంబములకు తెలిసినంతగా మన కెవరికిని తెలియదు. కాని భవనమునే కూల్చిన ప్రేలుడు దాని కప్పుకు బిగించిన ప్లాస్టిక్ పెట్టెలను విడిచిపెట్టునా? ఆ ప్రశ్నకు బదులు చెప్పునది షిఫ్టు మొదట గేటువద్ద వ్రాసిన మస్టరు, దాని ప్రతి గేటు వెలుపల నుండుట; కాంట్రాక్టరు కూలీలను కూడ ఆ మస్టరులో పేరుపేరున ఎక్కించుట. దీనికి తరంగములతో పని లేదు, కాగితముతోను నిజాయితీతోను పని.

మరియు, అగ్నిమాపక సిబ్బంది వచ్చి మొట్టమొదట చేయు పని కరెంటు తీయించుట. కరెంటు పోగానే వైఫై పెట్టె మూగవోవును. యు.పి.ఎస్. ఉన్నదందురా? ఆ యు.పి.ఎస్., దానిప్రక్కనే సర్వరు, సాధారణముగా ఉండునది సెల్లారులోనో, మీటరుబోర్డుల గదిలోనో. మంట తరచుగా పుట్టు చోట్లును అవియే. ఈ వాదమును నాతో ఉత్సాహముగా చేసిన నాచారము షెడ్డు యజమాని యొకనిని, మీ వెనుకతలుపు తాళపుచెవి ఎవరియొద్ద నున్నదని అడిగితిని. సూపర్‌వైజరు నడుగవలెననెను, సూపర్‌వైజరు ఆదివారము సెలవు.

అయిదు. ఫోను లేకున్నను పట్టుదుమను వారు

ఇంతదూరము వచ్చినపిదప ప్రతివాది స్థానము మార్చును. ఫోనుతో పని లేదు, దేహమే తరంగములను చెదరగొట్టును, ఆ చెదురుపాటును చదివి మనిషిని గుర్తింతుమనును. వైఫైని ఇట్టి గ్రహణమునకు వాడు ప్రమాణము 2025లో సిద్ధమైనదని కూడ జోడించును. సిద్ధమైనది భాష, దానిలో పలుకు వార్త సత్యమగునా యనునది వేరు ప్రశ్న.

ఉప్పల్ రోడ్డుననే, 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధనసంస్థ యున్నది. నేలను త్రవ్వకయే పైన నిలిచి కొలిచి లోపలి స్వరూపమును ఊహించు శాస్త్రమది. ఉపరితలమున కనబడు ఒకే గురుత్వభేదమునకు భూగర్భమున అనేక నిర్మాణములు సమానముగా సరిపడవచ్చునని ఆ శాస్త్రజ్ఞులు మొదట ఒప్పుకొని, బోరు దించి చూచిన ఆధారమును మరియొక కొలతను తోడు తెచ్చుకొని, పిదపనే మాటలాడుదురు. చెదరిన తరంగమును చూచి మనిషి నూహించువాడును వారి గోత్రమువాడే. వారి వినయము మాత్రము అతనికి రాలేదు. ఒక గదిలో నేర్చిన యంత్రము వేరొక గదిలో తడబడును. తిరుగు పంకా, ఊగు తెర, ప్రక్క యింటి పిల్లవాడు, అన్నియు దానికి కదలికలే. 2013 నాటి ప్రసిద్ధప్రయోగము స్థిరవస్తువుల ప్రతిఫలనములను రద్దుచేసి కదలునదానినే చూచినది. పొగకు స్పృహ తప్పి నేలమీద పడియున్నవాడు కదలడు. ఊపిరి కదలికను పట్టు ప్రయోగములు తరువాత వచ్చినవి, నిశ్శబ్దమగు గదులలో ఫలించినవి. కాలుచున్న భవనము నిశ్శబ్దమగు గది కాదు. ఎవనికొరకు ఈ విద్య యనుచున్నారో వానినే ఇది అందరికంటె కడపట చూచును.

మరియొకటి కలదు. ఫోనును ఇంట విడిచివచ్చి అయినను మనిషి మొదటి పద్ధతిని నిరాకరింపగలడు; ఈ రెండవదానిని నిరాకరించుటకు దేహమును విడిచి రావలెను. తరంగము ఫ్లాటు గోడవద్ద ఆగదు గనుక, అపార్టుమెంటులో ఒకరు తమ భద్రతకని పెట్టుకొన్నది ప్రక్కవారి పడకగదికి కాపలాయగును.

ఆరు. దాచవలసినది లేనివానికి భయమేల?

కడపటి వాదము వాదము కాదు, బెదిరింపు. అయినను సమాధానము చెప్పెదను. వ్యక్తి ఏకాంతము ప్రాథమికహక్కని సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2017 ఆగస్టు 24న పుట్టస్వామి తీర్పున చెప్పినపుడు, అది దోషులకు దయతలచి యిచ్చిన మినహాయింపు కాదు. మరి చట్టము చూచుకొనునందురా? 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణచట్టమును తెరచి ఏడవ సెక్షను చదువుడు: ఉద్యోగ ప్రయోజనములకును, యజమానిని నష్టమునుండి కాపాడుటకును, ఉద్యోగి సమ్మతి అడుగకయే అతని సమాచారమును వాడవచ్చునని అందున్నది. సందు ఎక్కడ నున్నదో, నాచారము ఫ్యాక్టరీ సరిగా అక్కడనే నిలిచియున్నది.

ఆ సందులోనుండి ఏమి ప్రవేశించునో ఊహింపలేనివారు షిఫ్టు పని యెరుగనివారు. ప్రాణరక్షణకని పెట్టిన చుక్క మొదటి నెలలో హాజరుపట్టీ యగును. రెండవ నెలలో మూత్రశాలలో గడిపిన నిమిషముల లెక్క యగును. మూడవ నెలలో ఎవరెవరు భోజనవేళ ఒకచోట కూడి జీతములమాట మాటలాడుకొనిరో చెప్పును. రాత్రిషిఫ్టు స్త్రీ ఎక్కడ ఒంటరిగా నున్నదో ఒక పురుష సూపర్‌వైజరు తెరమీద చూడగలిగిన యేర్పాటును ఆమె రక్షణ యని పేరు పెట్టుటకు కొంత ధైర్యము కావలెను. ఇన్నింటికిని ఆధారము మూడు మీటర్లు తప్పు చెప్పు చుక్క. దొంగతనము జరిగిన గదికిని, గోడ కీవల పనిచేయుచుండిన కూలీకిని నడుమ దూరము ఒకటిన్నర మీటరు. చుక్క తప్పు చెప్పినదని నిరూపింపవలసిన భారము ఎవరిమీద పడునో వేరుగ చెప్పవలెనా? వీధికెమేరాల ముఖగ్రహణమును ప్రశ్నించుచు తెలంగాణ హైకోర్టున ఒక వ్యాజ్యము పడగా, 2022 జనవరిలో ప్రభుత్వమునకు నోటీసు లిచ్చిరి. వీధిలో కెమేరా కంబమున కనబడును గనుక ప్రశ్నించువాడు పుట్టెను. కప్పులోని వైఫై పెట్టె ఇంటర్నెట్టు నిచ్చునట్లే కనబడును.

కావున ఈ పద్ధతిని ఉప్పల్‌లో గాని నాచారములో గాని ఏ భవనమునందును మనుష్యులపై నెక్కింపరాదని నా పక్షము. ఎక్కింపదలచినవారు మొదట వ్రాతపూర్వకముగా చెప్పవలసినవి కొన్ని యున్నవి: తమ భవనముననే, తమ యంత్రములు నడుచుచుండగా, అంతస్తువారీగా కొలిచిన దోష మెంత, కరెంటు తీసిన పిదప అది ఎన్ని నిమిషములు బ్రతుకును, ఆ జాడలను ఎవరు, ఎన్నిదినములు దాతురు, ఫోను గేటువద్ద విడిచివచ్చెదనన్న కూలీకి ఆనాటి కూలి యిత్తురా, ఈయరా.